తోడేలు ఖాతాలో పడిన 13 గొర్రెలు: పలమనేరు మెట్టలో ఒక కేసు

చిత్తూరు జిల్లా పడమటి మెట్టలో, పలమనేరుకూ కౌండిన్య అభయారణ్యానికీ నడుమ ఉన్న ఒక పల్లె. నవంబరు నెల. వేరుశనగ పీకేసిన చేలో ఎరువు కోసం మంద కట్టించారు. 160 దాకా నెల్లూరు జోడిపి గొర్రెలు, వాటితో పాటు చిన్న పిల్లలు. చుట్టూ నాలుగడుగుల ఎత్తు నైలాన్ వల, పదడుగులకొక కర్ర. వల అడుగు అంచును నేలకు ఎక్కడా మేకులతో బిగించలేదు. రాత్రి వాన పెద్దదయ్యేసరికి కాపర్లిద్దరూ మోటారు షెడ్డులోకి వెళ్లి తలదాచుకున్నారు. తెల్లారి చూస్తే వల రెండు చోట్ల నేలకు వాలి ఉంది, మంద చెల్లాచెదురైంది.

యజమాని చెప్పిన లెక్క ఇది: 13 చచ్చాయి, 9 గాయపడ్డాయి, 2 పిల్లలు కనబడలేదు. పొద్దెక్కేసరికి వాట్సాప్‌లో ‘తోడేళ్ల గుంపు పడింది’ అంటూ ఒక వీడియో తిరగసాగింది. అందులోని జంతువుల దట్టమైన బొచ్చు చూస్తే అవి ఈ జిల్లావి కాదు కదా, ఈ దేశానివే కావు. ఊరివాళ్లు రెండు విషయాలు అడిగారు. ఒకటి అటవీశాఖ పరిహారం. రెండోది ఎవరూ గట్టిగా అడగలేదు గానీ అప్పటికే ఒకరిద్దరు సిద్ధమైపోయారు: మిగిలిన మాంసంలో గుళికల మందు కలిపి వంకలో పెట్టడం. కేసు తొందరగా తేల్చాల్సి వచ్చింది ఈ రెండో దాని కోసమే. గుళికలు కలిపిన కళేబరం తోడేలునొక్కదాన్నే ఏరి చంపదు. నక్క, ఊరకుక్క, గద్ద, కాకి, చివరికి కాపరి సొంత కుక్క కూడా దాన్ని తిని చస్తాయి. పైగా తోడేలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. దాన్ని చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు.

మొదట నేల, తర్వాతే కళేబరం

ఇలాంటి చోటికి వెళ్లినవాళ్లంతా నేరుగా చచ్చిన గొర్రెల దగ్గరికే నడుస్తారు. అక్కడే సగం ఆధారం కాళ్ల కింద నలిగిపోతుంది. తడి నేలలో పడిన అడుగు ఎండ తగిలాక అంచులు రాలి, రెండు మూడు గంటల్లో ఆకారం మారిపోతుంది. అందుకే ఫోన్ రాగానే చెప్పాల్సిన మాట ఒకటే: ఇంట్లో ఉన్న బేసిన్లు, తట్టలు తెచ్చి కనబడిన అడుగుల మీద బోర్లించండి, మంద చుట్టూ తాడు కట్టి జనాన్ని బయటే ఉంచండి. ఈ కేసులో తాడు ఆలస్యంగా కట్టారు. అయినా వల వాలిన రెండు చోట్లా, వంక వైపు దారిలోనూ అడుగులు దక్కాయి.

ప్రతి అడుగునూ నిలువుగా పైనుంచి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయాలి. స్కేలు లేకపోతే పది రూపాయల నాణెం సరిపోతుంది, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. ఒక్క అడుగుతో ఆగకుండా కనీసం పది పన్నెండు అడుగుల వరసను కూడా తీయాలి, ఎందుకంటే కుక్కకూ తోడేలుకూ తేడా ఒక్క అడుగులో కంటే నడకలో బాగా తెలుస్తుంది. కళేబరాలకు నంబర్లు రాసిన టేపు కట్టి, ఏది ఎక్కడ ఎటు తలపెట్టి పడి ఉందో కాగితం మీద గీసుకున్నాకే కదిలించాలి.

కత్తి పట్టే ముందు ఇంకొకటి చూసుకోవాలి. ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్ల రక్తం కారుతూ, కడుపు ఉబ్బి, ఒళ్లు బిగుసుకోని కళేబరం కనబడితే దాన్ని కోయకూడదు. అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. కోస్తే క్రిమి గాలి తగిలి బీజాలుగా మారి నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది, మనిషికీ అంటుతుంది. అలాంటప్పుడు చెవి దగ్గర రక్తపు పూత తీసి ల్యాబుకు పంపి, కళేబరాన్ని కోయకుండానే పూడ్చాలి. ఇక్కడ ఆ లక్షణాలు వేటిలోనూ లేవు కాబట్టి, చేతి తొడుగులతో తోలు తీయడం మొదలైంది.

తోలు కింద ఏముంది

పైనుంచి చూస్తే 13 కళేబరాల్లో 10 కొరికినట్టే ఉన్నాయి. పోస్టుమార్టం పైపైన చేసే చోట రిపోర్టు ఇక్కడే ‘అడవి జంతువు దాడి’ అని ముగిసిపోతుంది. అసలు తేల్చాల్సిన ప్రశ్న వేరే ఉంది: కొరికింది బతికున్నప్పుడా, చచ్చాకా? గుండె కొట్టుకుంటున్న గొర్రెను కొరికితే పంటిగాటు చుట్టూ తోలు కింద రక్తం చిమ్మి, కండలో ముదురు ఎరుపు గడ్డగా కమిలిపోతుంది. చచ్చిన గొర్రెను కొరికితే రంధ్రం ఉంటుంది, కమిలిన మచ్చ ఉండదు. కండ పాలిపోయి శుభ్రంగా ఉంటుంది. తోలు వెనక్కి తిప్పి లోపలి వైపు నుంచి చూస్తేనే ఇది తెలుస్తుంది. బొచ్చు మీద ఎంత రక్తం ఉన్నా దానికి విలువ లేదు.

ఏడు గొర్రెలు మందకు వంద గజాల లోపు ఒక్కోటి ఒక్కో దిక్కున పడి ఉన్నాయి. వీటికి వెనక తొడలు, తోక మొదలు, పక్కలు, పొదుగు, చెవులు, ఎక్కడ పడితే అక్కడ గాట్లు. ఒక ఆడగొర్రె ఎడమ తొడ తోలు తిప్పి చూస్తే లోపలంతా రక్తపు మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి, ఎన్ని గాట్లో లెక్కపెట్టడానికి వీల్లేకుండా ఉంది. పక్కనే తోలు చిరిగి వేలాడుతోంది. రెండింటికి మాత్రం గొంతు దగ్గర గాట్లు ఉన్నాయి, అవీ పైపైనే, గొంతు గొట్టం దాకా దిగలేదు. ఏడింటిలో తిన్నది ఒకదాని పొదుగు, ఇంకోదాని తొడలో కొంత. మిగతావి చంపి వదిలేసినవే. కోరపళ్ల మధ్య దూరం ఒక గాయంలో 3 సెంటీమీటర్లు, ఇంకో గాయంలో నాలుగున్నర. ఒకే రాత్రి ఒకే మందలో దవడల కొలతల్లో ఇంత తేడా అంటే, కొరికినవి రకరకాల సైజు జంతువులని అర్థం. ఒకే కుటుంబంగా తిరిగే పెద్ద తోడేళ్ల దవడలు ఇంత తేడాగా ఉండవు. ఊరకుక్కల గుంపులో ఉంటాయి.

మూడు గొర్రెలు వల మూలలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒంటి మీద ఒక్క పంటిగాటు కూడా లేదు. గాలిగొట్టంలో నురగ, ఊపిరితిత్తుల నిండా రక్తం. ఒకదాని మెడకు వల రెండు చుట్లు పడి ఉంది. బెదిరిన మంద మూలకు తోసుకుపోయినప్పుడు కింద పడ్డవి ఊపిరాడక చచ్చిపోయాయి. ఇవి కూడా దాడి వల్ల పోయినవే, కానీ వీటిని చంపింది వల, మూల.

రెండు పిల్లలు వంకలో దొరికాయి. మందలోకెల్లా బాగా ఎదిగినవి, బలిసినవి. కడుపు చీల్చి పేగులు కొంత తినేసి ఉన్నాయి, గాట్లు చాలానే ఉన్నాయి, కానీ తోలు కింద ఒక్క చోట కూడా కమిలిన మచ్చ లేదు. గుండె సంచిలో గడ్డి రంగు నీరు, అందులో తెల్లటి తెట్టెలు. కిడ్నీలు మెత్తగా ముద్దయిపోయాయి. ఇది చిటుక రోగం (ఎంటరోటాక్సీమియా) తీరు, పేగుల్లో క్రిమి విషం పెరిగి గొర్రె ఉన్నట్టుండి చచ్చే జబ్బు. వానకు మొలిచిన లేత గడ్డి మీదా, పీకేసిన వేరుశనగ చేలో మిగిలిన కాయల మీదా మేసిన బలమైన పిల్లలే దీనికి ముందుగా పోతాయి. ఒక జాగ్రత్త: ఎండలో గంటలు గడిచిన ఏ కళేబరంలోనైనా కిడ్నీ మెత్తబడుతుంది, దాన్నొక్కదాన్నే పట్టుకుని చిటుక అనేయకూడదు. అందుకే చిన్నపేగులో మిగిలిన ద్రవం సీసాలో తీసి, పది మిల్లీలీటర్లకు ఒక చుక్క చొప్పున క్లోరోఫాం వేసి, ఐసులో పెట్టి తిరుపతి పశువైద్య కళాశాలకు పంపారు. ఈలోగా చిన్న కాపరిని పక్కకు పిలిచి అడిగితే, ఆ రెండూ ముందురోజు మధ్యాహ్నమే గిలగిలా కొట్టుకుని చచ్చాయనీ, తానే వంకలో పడేశాననీ చెప్పాడు. యజమాని వాటినీ లెక్కలో కలిపేశాడు. ఇందులో ఆశ్చర్యం లేదు. బీమా లేకుండా చిటుకతో పోయిన గొర్రెకు ఎవరూ రూపాయి ఇవ్వరు, అడవి జంతువు చంపిన గొర్రెకు ఇస్తారు.

పదమూడోదానికి తల, వెన్నెముక, కొంత తోలు మాత్రమే మిగిలాయి. దాన్ని ‘నిర్ధారణ కాలేదు’ అని రాయడమే సరైంది.

తోడేలైతే ఎలా ఉండేది

పెద్ద కాపరికి ఇది మింగుడుపడలేదు. “నక్క ఇంత పని చేస్తుందా సార్? కుక్కలకంత దమ్ముందా? తోడేళ్లే పడుండాయి,” అన్నాడు. నక్క విషయంలో ఆయన మాట నిజం. మన నక్క 8 నుంచి 10 కిలోల జంతువు. అది ఎత్తుకుపోయేది చిన్న పిల్లల్ని, ఈనిన మాయని, ముందే చచ్చినదాన్ని. నిలబడ్డ ఆడగొర్రెలను ఏడింటిని కూల్చడం దాని వల్ల కాదు.

మన మెట్ట తోడేలు 20 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. దక్కనులో అది మందను తరచూ కొట్టేది మేతలో ఉన్నప్పుడు, సాయంత్రం వేళో తెల్లవారుజామునో, కాపరి దృష్టి మరలిన క్షణంలో. వెనకబడ్డ ఒకదాన్ని గొంతో మెడో పట్టి పొదల్లోకి లాక్కుపోతుంది. గుంపులో రెండు మూడు ఉంటాయి. ఒకటి కాపరినీ కుక్కనూ తన వైపు తిప్పుకుంటే ఇంకొకటి పని కానిస్తుంది. దొడ్డిలోకి దూరితే తోడేలు కూడా అవసరానికి మించి చంపిన సందర్భాలు ఉన్నాయి, కాబట్టి ఎక్కువ చచ్చాయన్న ఒక్క కారణంతో దాన్ని కొట్టిపారేయకూడదు. కానీ అప్పుడు కూడా గాట్లు లోతుగా, ఒకటి రెండు చోట్లే ఉంటాయి. చెవులూ తోకలూ నమిలి వదిలేయడం దాని పద్ధతి కాదు.

చిరుతైతే గొంతు మీదో మెడ వెనకో నాలుగు లోతైన రంధ్రాలు, వాటి మధ్య దూరం సుమారు 4 సెంటీమీటర్లు లేదా ఇంకొంచెం ఎక్కువ. మిగతా ఒళ్లంతా శుభ్రంగా ఉంటుంది, ఈడ్చిన జాడ ఉంటుంది. రేచుకుక్కలు, అంటే గుంపుగా వేటాడే అడవి కుక్కలు, శేషాచలం అడవుల్లో ఉన్నాయి గానీ, అవి జింకలున్న అడవిని వదిలి వేరుశనగ చేలోకి రావడం అరుదు. వచ్చినా బతికుండగానే పొట్ట చీల్చి, నిమిషాల్లో మాంసమంతా తినేస్తాయి. ఇక్కడ మాంసం అలాగే ఉంది.

అడుగుల్లో కూడా అదే తేలింది. గోళ్లు పడ్డాయి కాబట్టి పిల్లి జాతి కాదు. అడుగుల వరస అటూ ఇటూ వంకర్లు పోతూ, ముందు కాలి గుర్తు పక్కన వెనక కాలి గుర్తు విడిగా పడుతూ ఉంది. పని మీద పోయే తోడేలు వెనక కాలును ముందు కాలి గుర్తులోనే వేస్తూ, దారి తిన్నగా పట్టుకుపోతుంది. కుక్క ప్రతి గట్టునూ వాసన చూసుకుంటూ పోతుంది. వంక దగ్గర మాత్రం వేరే చిన్న అడుగులు దొరికాయి, పొడవు 5 సెంటీమీటర్ల లోపు, ముందు కాలిలో నడిమి రెండు వేళ్ల మెత్తలు అడుగున కలిసిపోయి. అది నక్క. వంకలోని చిటుక పిల్లల్ని తిన్నది అదేనన్నమాట.

గాయాల నుంచి లాలాజలం పూత కూడా తీశారు. తడిపిన దూదిపుల్లతో పంటిగాటు అంచుల్లో తిప్పి, నీడలో ఆరబెట్టి, కాగితం కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకు బూజు పట్టి పనికిరాదు. తిన్న చోటు నుంచి తీయకూడదు, అక్కడ తర్వాత వచ్చిన జంతువుల లాలాజలం కలుస్తుంది. తోలు కింద కమిలిన గాటునే ఎంచుకోవాలి. హైదరాబాదులో సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ అనే వన్యప్రాణి ల్యాబులో ఇలాంటి నమూనాల డీఎన్‌ఏ పరీక్ష చేస్తారు. ఫలితం రావడానికి సమయం పడుతుంది కాబట్టి నిర్ణయాన్ని దాని కోసం ఆపలేం. వివాదం ముదిరినప్పుడు చేతిలో ఉండడానికే ఆ పూత.

ఊరిని ఒప్పించింది ఇవేవీ కావు, కెమెరా. ఒక కళేబరాన్ని పడిన చోటే వదిలి, దానికి మూడు మీటర్ల దూరంలో, మోకాలి ఎత్తున కెమెరా కట్టారు. చాలామంది నడుము ఎత్తున కడతారు. అప్పుడు గడ్డి కదలికలు, దూరంగా పోయే మనుషులు తప్ప ఏమీ రావు. మొదటి రాత్రే ఏడు కుక్కలు వచ్చాయి. వాటిలో ఒకదాని మెడలో ఎర్ర బెల్టు. ఆ ఫోటో చూసి పంచాయతీ ఆఫీసు ముందు గుమిగూడినవాళ్లలో ఒకాయన మెల్లగా పక్కకు జరిగాడు. తెల్లవారుజామున జంట నక్కలు వచ్చి, కుక్కలు పోయేదాకా దూరంగా నిలబడి, తర్వాత తిన్నాయి. తోడేలు రాలేదు.

కుక్కలు ఇక్కడికి ఎలా చేరాయి

ఈ ఏడు కుక్కలు ఎక్కడినుంచో ఊడిపడలేదు. అదే వంకలో, రోడ్డు కల్వర్టు పక్కన, చికెన్ కొట్ల నుంచి వచ్చే ఈకలూ పేగులూ బస్తాలకొద్దీ పడేస్తున్నారు. మందల్లో చచ్చినవాటినీ అక్కడే విసురుతున్నారు. ఒకప్పుడు చచ్చిన పశువును రాబందులు గంటల్లో శుభ్రం చేసేవి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు 1990ల నుంచి వాటిని దాదాపు తుడిచిపెట్టేసింది. ఆ మందును పశువులకు వాడకుండా 2006లో నిషేధించినా, పోయిన రాబందులు తిరిగి రాలేదు. వాటి వాటా తిండి ఇప్పుడు కుక్కలది. గొర్రె మాంసం రుచి, గొర్రె వాసన కుక్కకు నేర్పింది వంకలో పడేసిన కళేబరాలే. బతికున్న మందకూ దానికీ మధ్య మిగిలింది మేకులు లేని ఒక వల.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తోడేళ్లు బాగా ఉన్న నేలలో కుక్కల గుంపు మామూలుగా ఇంత ధీమాగా పొలాల్లో తిరగదు. తోడేలు తన ఇలాకాలో కుక్కనూ నక్కనూ ఓర్వదు, తరుముతుంది, దొరికితే చంపుతుంది. పెద్ద వేటజంతువు పోతే దాని కింది మెట్టులోనిది పైకి వస్తుందన్న సూత్రానికి బాగా లెక్కలున్న చోటు అమెరికా. యెల్లోస్టోన్ పార్కులో 1926 నాటికి తోడేళ్లను నిర్మూలించారు. ఆ ఖాళీలో కయోటీ రాజ్యమేలింది. కయోటీ అంటే అక్కడి నక్క అనుకోవచ్చు, 10-15 కిలోల జంతువు, ఏది దొరికితే అది తిని ఎక్కడైనా బతికేస్తుంది. తోడేళ్లు పోయిన కొద్దీ అది పడమటి మైదానాల నుంచి తూర్పు రాష్ట్రాల దాకా పాకింది. 1995-96లో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి పార్కులో వదిలాక, లామార్ లోయలో కయోటీలు కొన్నేళ్లలోనే సగానికి పడిపోయాయి. తోడేళ్లున్న చోట ప్రాంగ్‌హార్న్ జింక పిల్లలు ఎక్కువగా బతికాయి, ఎందుకంటే ఆ పిల్లల్ని వెతికి తినేది తోడేలు కాదు, కయోటీ. అదే పార్కులో తోడేళ్ల వల్ల నదుల దారే మారిందని ప్రచారంలో ఉన్న కథను మాత్రం అంత తేలిగ్గా నమ్మనక్కర్లేదు. విల్లో చెట్లు ఎంత తేరుకున్నాయి, ఎందుకు తేరుకున్నాయి అనే దాని మీద అక్కడి శాస్త్రవేత్తల్లోనే వాదన నడుస్తోంది.

కయోటీని కాల్చి, విషం పెట్టి తగ్గించాలని అమెరికా దశాబ్దాల పాటు చూసింది. ఇలాకా కట్టుకుని ఉన్న జంటను చంపితే ఆ చోటులోకి కుర్ర కయోటీలు దూరతాయి, పోటీ తగ్గి తిండి మిగిలేసరికి పిల్లలు ఎక్కువ బతుకుతాయి. మన వంకలో కుక్కలకు విషం పెట్టినా జరిగేది ఇదే: చికెన్ వ్యర్థాలు ఉన్నన్నాళ్లు పక్క ఊరి కుక్కలు వచ్చి చేరతాయి.

కుక్కల వల్ల తోడేలుకు పోటీ కంటే పెద్ద ముప్పు రోగం. అమెరికాలోని ఐల్ రాయల్ దీవిలో 1980లో 50 తోడేళ్లుండేవి. కుక్క ద్వారా వచ్చిన పార్వో వైరస్‌తో 1982కి 14 మిగిలాయి. మన దేశంలో తోడేళ్లు మొత్తం కలిపి 3,000 చుట్టుపక్కల అని అంచనా. అనంతపురం, కర్నూలు మెట్టల్లో, రోళ్లపాడు గడ్డిమైదానాల్లో ఉన్నవి అందులో భాగమే. టీకాల్లేని ఊరకుక్కలు వాటి మధ్య తిరిగితే పార్వో, డిస్టెంపర్, రేబిస్ మూడూ చేరతాయి. పుణె పరిసరాల్లో తోడేలూ కుక్కా కలిసి పుట్టిన సంకరాలు కూడా జన్యు పరీక్షలో తేలాయి.

నక్కను కూడా ఉంచుకోవడం రైతుకే లాభం. వేరుశనగ, చెరకు చేలల్లో ఎలుకలను అది ఏడాది పొడుగునా తింటుంది. రేగు లాంటి పండ్లు తిని గింజలను బీళ్లలో వేస్తుంది. ఏడాదికి రెండు మూడు గొర్రెపిల్లల నష్టాన్ని గంపలతో ఆపుకోవచ్చు. ఎలుకల నష్టాన్ని గంపలతో ఆపలేం.

ఏం మార్చారు

మొదట గాయపడ్డ 9 గొర్రెల సంగతి. పుండ్లను సబ్బు నీళ్లతో ధారగా పావుగంట కడిగి, పొవిడోన్ అయోడిన్ పూసి, కుట్లు వేయకుండా తెరిచే ఉంచారు. కుక్కగాటును కుట్టేస్తే లోపల చీము కడుతుంది. పురుగు పట్టకుండా ఈగల మందు చల్లారు. కరిచిన కుక్కలకు రేబిస్ ఉందో లేదో తెలియదు కాబట్టి గొర్రెలకు 0, 3, 7, 14, 28 రోజుల్లో రేబిస్ టీకా వేశారు. గాయపడ్డవాటిని కోతకు అమ్మేద్దామని యజమాని తొందరపడ్డాడు, అది ఆపాల్సి వచ్చింది. రక్తంతో, లాలాజలంతో చేతులు తడిసిన కాపర్లిద్దరి వేళ్లకూ గీతలున్నాయి, వాళ్లనూ టీకాకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపారు. ఈ పని దాదాపు ప్రతి కేసులోనూ మర్చిపోతుంటారు.

వల విషయం. నైలాన్ వలనే ఉంచి, అడుగు అంచును బయటి వైపు ఒక అడుగు మడిచి నేల మీద పరిచి, మూడడుగులకొక ఇనుప మేకు కొట్టారు. కుక్క వలను దూకడానికి ముందు కింద నుంచి దూరడానికి చూస్తుంది. ముందరి కాళ్లతో తవ్వే చోట వల పరిచి ఉంటే గోళ్లు చిక్కుకుని వెనక్కి తగ్గుతుంది. మూలలను చదరంగా కాకుండా గుండ్రంగా తిప్పారు, బెదిరిన మంద ఒకచోట కుప్పపడకుండా చుట్టూ తిరగడానికి. పెద్ద గొర్రెకు కనీసం పది చదరపు అడుగులు లెక్కన చోటు పెంచారు. ఒకే చోట నెలరోజులు కట్టే మందైతే వల బయట సర్కారు తుమ్మ కంప వేయొచ్చు. మొదళ్లు లోపలికి, కొసలు బయటికి ఉండాలి. తిరగేసి వేస్తే కుక్క మొదలు పట్టి లాగేస్తుంది. రోజూ చోటు మారే మందకు కంప పని పెరుగుతుంది, కాపర్లు నాలుగో రోజుకు మానేస్తారు, కాబట్టి అక్కడ దాన్ని సలహా ఇవ్వకపోవడమే మంచిది.

సోలారుతో రంగులు మారుస్తూ వెలిగే లైట్లు నాలుగు, మూడడుగుల ఎత్తున, బయటి వైపు తిప్పి పెట్టారు. వీటిని మూడు నాలుగు రోజులకొకసారి జాగా మార్చకపోతే జంతువు అలవాటు పడిపోతుంది. తాడుకు ఎర్ర గుడ్డపీలికలు వేలాడదీసే పద్ధతి కూడా ఎవరో అడిగారు. అది ఉత్తర అమెరికాలో తోడేళ్ల మీద రెండు నెలల దాకా పనిచేసింది. కయోటీ మీద అంతగా లేదు. మన ఊరకుక్క మీద అసలు పనిచేయదు, ఎందుకంటే అడవిపందుల కోసం ఇక్కడ ప్రతి వేరుశనగ చేను చుట్టూ పాత చీరలే కట్టి ఉంటాయి. ఆ కుక్కలు చీరల మధ్యే పుట్టి పెరిగాయి.

పిల్లల్ని రాత్రి వెదురు గంపల కింద, గంప మీద రాయి పెట్టి, మంద మధ్యలో ఉంచారు. కాపరి పడుకునే మంచం గాలి వచ్చే వైపు కాకుండా గాలి పోయే వైపు వేయించారు. మాంసాహారి వాసన పట్టుకుంటూ వచ్చేది ఆ వైపు నుంచే. వాన వస్తే కప్పుకోవడానికి టార్పాలిన్ కొనిచ్చారు. ఈ మొత్తం కేసులో అన్నిటికంటే చౌకైన వస్తువు అదే, ఆ రాత్రి లేనిదీ అదే.

కళేబరాలన్నీ ఆరడుగుల గుంతలో సున్నం చల్లి, పైన మూడడుగులకు తగ్గకుండా మట్టి వేసి పూడ్చారు. మిగిలిన మందకంతటికీ చిటుక టీకా వేసి, రెండు మూడు వారాలకు బూస్టర్ ఇచ్చారు. మామూలుగా అది వానాకాలానికి ముందే, మే నెలలో పడాల్సిన టీకా. చికెన్ వ్యర్థాల మీద పంచాయతీ తీర్మానం చేసి, కల్వర్టు పక్క గుంత పూడ్చింది. మొదటి నెల బాగానే ఆగింది. తర్వాత రాత్రిపూట బస్తాలు మళ్లీ పడ్డాయి, ఈసారి అర కిలోమీటరు అవతల. కొట్ల నుంచి రోజూ వ్యర్థాన్ని తీసుకుపోయే బండి ఏర్పాటు కానంత వరకు ఇది ఇలాగే జరుగుతుంది. పెంపుడు కుక్కలను రాత్రి కట్టేయడానికి యజమానులు ఒప్పుకున్నారు. మిగతావాటికి ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా చేయించి తిరిగి వదలడమే దారి. కొట్టి చంపడం, విషం పెట్టడం నేరం.

డబ్బు సంగతికొస్తే, వన్యప్రాణి దాడి కాదని రాశాక అటవీశాఖ ఫైలు ముందుకు కదల్లేదు. చెవిపోగు ఉండి బీమా కట్టిన గొర్రెలు చచ్చినవాటిలో నాలుగే ఉన్నాయి. వాటికి పోస్టుమార్టం రిపోర్టు, చెవిపోగుతో సహా కళేబరం ఫోటో జతచేసి క్లెయిము పెట్టారు. చెవిపోగును తోలుతో పాటు పూడ్చేస్తే క్లెయిము పోతుంది, దాన్ని కోసి విడిగా భద్రపరచాలి. మూలలో ఊపిరాడక చచ్చిన వాటికీ బీమా వర్తిస్తుంది, రిపోర్టులో కారణం స్పష్టంగా రాస్తే చాలు. ‘తోడేలు’ అని అబద్ధం రాసి ఉంటే ఆ క్లెయిములో ఉన్న ఫోటోలే దాన్ని పట్టించేవి.

కనబడకుండా పోయిన రెండు పిల్లల్లో ఒకటి మూడో రోజు పక్క ఊరి మందలో దొరికింది. రెండోదాని జాడ తెలియలేదు. ఆ తర్వాతి ఈత కాలంలో ఆ మందలో గంప కింద పెట్టని ఒక పిల్లను తెల్లవారుజామున నక్క ఎత్తుకుపోయింది. వల లోపలికి కుక్కలు మాత్రం మళ్లీ రాలేదు.